అల్లుడూ, ముందు లైటు కొను

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన చిట్టా చూశాను. నూటెనిమిది ముక్కల సాకెట్ సెట్టు, ఎయిర్ కంప్రెసర్, బండిని పైకెత్తే లిఫ్టు, గోడకి తగిలించే ఎర్ర అలమర. అన్నీ కలిపితే మీ నాన్న స్ప్లెండర్‌ని ఇప్పుడమ్మినా రాని డబ్బు. మీ అత్తయ్య నా భుజం మీంచి తొంగిచూసి, "వీడు షెడ్డు పెడుతున్నాడా, షాపు పెడుతున్నాడా?" అంది. నవ్వాను గానీ, నీ ఉత్సాహం చూసి లోపల సంబరపడ్డాను. ముప్పై ఏళ్లు బస్సుల డిపోలో పానా పట్టినవాణ్ణి, ఇంట్లో నా తరవాత దాన్ని పట్టుకునేవాడు ఒక్కడైనా ఉన్నాడు కదా అని.

చిట్టా పక్కన పెట్టి ముందు లైటు సంగతి చూడు. ఆ షెడ్డులో ఉన్న ఒక్క బల్బూ గుమ్మం మీద ఉంది. బండి ముందు కూర్చుంటే నీ నీడ సరిగ్గా ఇంజను మీదే పడుతుంది. రెండు పక్క గోడలకీ చెరో నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబు వేయించు. ఆ ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే ఎర్తింగ్ కూడా చూపించు. నేలకి టైల్స్ అన్నావు, వద్దు. ఒక్క ఆయిలు చుక్క పడితే మనిషీ బండీ కలిసే జారతారు. ఉన్న గచ్చు చాలు. గుమ్మం దగ్గర నీళ్లు పోవడానికి వాలుంది కాబట్టి లోపలి మూల సమంగా ఉన్నచోట సెంటర్ స్టాండు వేసుకో.

ఇక పనిముట్లు. స్ప్లెండర్‌కి 8, 10, 12, 14, 17 రింగు పానాలుంటే సగానికి పైగా పని అయిపోతుంది. ప్లగ్గుకి 16 బాక్సు పానా. ప్లస్ స్క్రూడ్రైవర్ మాత్రం చూసి కొను. ఆ బండి పుట్టుక జపాన్ లెక్కల్లోది, దాని స్క్రూ గాడి మనకి దొరికే మామూలు డ్రైవర్ మొనకి సరిగ్గా కుదరదు. తిప్పితే పైకి తన్నుకొచ్చి గాడిని తినేస్తుంది. జేఐఎస్ మొన ఉన్నది అడుగు. మిగతావి, ఏ పని చేస్తుంటే ఏది లేక ఆగిపోతావో, ఆ రోజు వెళ్లి అదొక్కటీ తెచ్చుకో. అలా కొన్నవే నా పెట్టెలో ఇంకా ఉన్నాయి. సెట్టుగా కొన్నవాటిలో సగం తుప్పు పట్టాయి.

ఖర్చు పెట్టాల్సింది, ఎంత బిగించాలో చెప్పే టార్క్ రెంచ్ మీద. ఎందుకో నా పరువు పోయిన కథ చెప్తా విను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, బస్సు బోల్టులు బిగించిన చేత్తోనే మా బావగారి బండికి ఆయిలు మార్చాను. డ్రెయిన్ బోల్టు కారకూడదని పానాకి రెండడుగుల గొట్టం తొడిగి బిగించాను. అరడుగు పానాకి రెండడుగుల గొట్టమంటే చేతి బలం నాలుగింతలు. ఇంజను అడుగు అల్యూమినియం, బోల్టు ఉక్కు. చివరి పావు తిప్పుకి ఒక్కసారిగా మెత్తగా తిరిగింది. వెన్నలో తిరిగినట్టు. బోల్టు బయటికి తీస్తే దాని చుట్టూ వెండి తీగలా మరలన్నీ చుట్టుకుని వచ్చాయి. ఆ రోజు మా బావగారు, అంటే మీ నాన్నే, ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. లేతు పనివాడి దగ్గర బుష్ వేయించి, కొత్త మర కోయించి తెచ్చే సరికి రెండు రోజులు పట్టింది.

ఇంజను పక్క మూత విప్పేటప్పుడు ఒక స్వీటు డబ్బా అట్ట దగ్గర పెట్టుకో. దాని మీద మూత ఆకారం పెన్నుతో గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే అట్టకి గుచ్చు. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ పొడవులు వేరు. పొడుగు బోల్టు పొట్టి కన్నంలో పడి అడుగు తగిలాక కూడా బిగిస్తే అక్కడే పగులుతుంది. ఈ అట్ట అలవాటుకి పైసా ఖర్చు లేదు.

ఆయిలు డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. కారుకి కొన్నది మిగిలిందని బండిలో పొయ్యకు. బండి క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి, జారడం మొదలెడతాయి. పాత ఆయిలు మీ నాన్న గోడవారన చెదలకి పోసేవాడు, నేనూ పోశాను. ఇప్పుడు మీ బోరు అక్కడికి పదడుగులు. డబ్బాలో పట్టి సర్వీసు సెంటరులో ఇవ్వు.

ఇన్వర్టర్ షెడ్డులోనే పెట్టారని మీ అమ్మ చెప్పింది. అదొక్కటి నాకు నిద్రపట్టనివ్వలేదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది. కార్బురేటర్ విప్పి గిన్నెలో పెట్రోలు వంపిన రోజు ఆ మూల ఇన్వర్టర్‌లో చిన్న నిప్పురవ్వ చాలు. దాన్ని వరండాలోకి మార్పించు. పెట్రోలు పని పొద్దున్నే, షట్టరు పూర్తిగా ఎత్తి చెయ్యి. సాయంత్రాలు వద్దు, తులసి కోట దగ్గర అమ్మ దీపం పెట్టేది ఆ గుమ్మం ముందే. షట్టరు దించి ఇంజను స్టార్ట్ చెయ్యడం అసలే వద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇంకొకటి, ఇది బతిమాలుతున్నా అనుకో. చైను శుభ్రం చేసేటప్పుడు ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పు. గేరులో వేసి, తిరిగే చైనుకి గుడ్డ అడ్డం పెట్టేవాళ్లని చూస్తూనే ఉంటావు, పని తొందరగా అవుతుంది. నా పక్క బెంచీ మీద పనిచేసిన వాడొకడికి చూపుడువేలు రెండు గణుపులు లేవు. గుడ్డని చైను లాగింది, గుడ్డతో పాటు వేలు స్ప్రాకెట్‌లోకి పోయింది. కన్ను మూసి తెరిచేంత. అన్నం కలుపుకునేటప్పుడు వాడు ఆ చేతిని దాచుకునేవాడు.

నీ కొత్త బండి, ఆ ఏబీఎస్, ఎఫ్ఐ ఉన్నది, షోరూముకే పంపు. దాని జోలికి ఇప్పుడే పోకు. నాకూ తెలియదు.

ఆదివారం పొద్దున పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో దిగుతున్నా. టార్క్ రెంచ్ ఏది కొనాలో ఇద్దరం వెళ్లి చూద్దాం. ఈలోగా స్ప్లెండర్ డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ ఒకటి తెచ్చి ఉంచు. విప్పడం, బిగించడం నువ్వే. నేను ముక్కాలిపీట వేసుకుని కూర్చుని టీ తాగుతా. మీ నాన్ననీ పక్కన కూర్చోమను.

మామయ్య