ఇచ్చిన చేతి వాటా

ఆయుధాల పరిభాషలో ‘తేలికపాటి’ అనే విశేషణం అచ్చంగా బరువుకి సంబంధించిందే. 60 మిల్లీమీటర్ల మోర్టారు గొట్టం, దాన్ని నిలబెట్టే కాళ్లూ పీటా అన్నీ కలిపి 20 కిలోల పైచిలుకు. అందులో వేసే గుండు రెండు కిలోల లోపే. ఒకరిద్దరు మనుషులు భుజాన వేసుకుని గుట్ట ఎక్కగలరు కాబట్టి అది తేలిక. పడిన చోట దాని బరువెంత అన్నది ఈ వర్గీకరణకి పట్టదు. అణ్వాయుధ నిపుణుల మధ్య కొంతకాలం గడిపి, వాళ్ల భాష గురించి 1987లో వ్యాసం రాసిన కరోల్ కోన్ ఈ సంగతే గమనించారు. ఆ భాషలో ఆయుధాన్ని వాడేవాళ్ల చూపుకి చోటుంది గాని, ఆ ఆయుధం మీద పడేవాళ్ల చూపుకి చోటు లేదు. సాహిత్యం చదువుకున్న మనకి ఇదేం కొత్త కాదు. కథ ఎవరి కంఠం నుంచి వినపడుతోందని అడగడమే కదా మన పని. అదే ప్రశ్నని ఆయుధాల సరఫరా కాగితాల్ని కూడా అడగొచ్చు.

మోర్టారు పనిచేసే తీరు ముందు చెప్పుకోవాలి. గొట్టాన్ని ఆకాశం వైపు వంచి పెడతారు. గుండుని మూతి దగ్గర నుంచి లోపలికి జారవిడుస్తారు. అడుగున సూది తగిలి, మందు అంటుకుని, గుండు పైకి లేచి గోడకి అవతలో గుట్టకి అవతలో పడుతుంది. మూడు కిలోమీటర్లు దాటి కూడా పోతుంది. తుపాకీ పేల్చేవాడికి ఎదుటి మనిషి కనపడొచ్చు. మోర్టారు పేల్చేవాడికి మామూలుగా కనపడదు. మరెవరో ముందుండి చూసి, ఇటు జరుపు, అటు జరుపు అని చెప్పాలి. ఆ చెప్పేవాడు లేకపోతే మిగిలేది అంచనా. అంటే చూడకుండా చంపడం ఈ ఆయుధంలో పొరపాటున వచ్చిన లోపం కాదు, దాని తయారీలోనే ఉంది. ఒక దేశం ఆ గుండ్లని ఇంకో దేశపు సైన్యానికి పంపినప్పుడు ఆ చూడకపోవడం వేల కిలోమీటర్లు సాగుతుంది.

అలా పుచ్చుకునే సైన్యాల్ని ‘భాగస్వామ్య దళాలు’ అంటున్నారు. అనువాదపు మాటే అయినా తెలుగులోకి వచ్చేసరికి దానికి అనుకోని నిజాయితీ వచ్చింది. భాగానికి స్వామి భాగస్వామి. పొలంలో, వ్యాపారంలో, కాపురంలో, అన్నిచోట్లా లాభంతో పాటు నష్టంలోనూ వాటా ఉన్న మనిషి. ఈ అర్థాన్ని వదులుకోకుండా ఒక సంఘటన చూద్దాం.

2014 డిసెంబరు 31. అఫ్ఘానిస్తాన్‌లోని హెల్మండ్ రాష్ట్రం, సంగీన్ జిల్లా. ఒక ఇంట్లో పెళ్లి. పెళ్లికూతురి రాక కోసం జనం ఎదురు చూస్తున్నారు. అఫ్ఘాన్ సైన్యం కాల్చిన మోర్టారు గుండ్లు అక్కడ పడ్డాయి. 20 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ. తమ కాపలా చౌకీల నుంచి గుండ్లు పేల్చినట్టు సైన్యాధికారులే ఒప్పుకున్నారు. విచారణకి ఆదేశించారు, సైనికుల్ని అదుపులోకి తీసుకున్నారు. నాటో దళాల పోరాట బాధ్యత అధికారికంగా ముగిసిన రోజు కూడా అదే. మర్నాటి నుంచి వాళ్ల పని శిక్షణ, సలహా, సాయం. ఈ సంఘటన ఒంటరిదీ కాదు. అంతకుముందు కొన్నేళ్లుగా అఫ్ఘాన్ పౌరుల్ని అందరికంటే ఎక్కువగా బలిగొన్నవి పాతిపెట్టిన బాంబులు. 2014లో ఆ స్థానం నేల మీది పోరాటాలకి వచ్చిందని, అందులో మోర్టార్ల పాత్ర పెద్దదని ఐక్యరాజ్య సమితి నివేదిక చెప్పింది.

ఆ సైనికులు దోషులా అన్న ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోయారు. ఇచ్చిన చేయి సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొడవలి చేసిన కమ్మరిని హత్యకి బాధ్యుణ్ణి చేస్తామా అని అడిగేవాళ్లుంటారు. చెయ్యం. కానీ కమ్మరి కొడవలి కొన్నవాడికి జీతం ఇవ్వడు, ఎవర్ని ఎప్పుడు కొయ్యాలో నేర్పడు, వాడి పక్కన గది కట్టుకుని కూర్చోడు. అమెరికా 2005 నుంచి ఒక ప్రత్యేక నిధి పెట్టి అఫ్ఘాన్ సైన్యం జీతాలూ ఇంధనమూ మందుగుండూ అన్నీ భరించింది. విజయాలు చెప్పుకునేటప్పుడు ‘మన భాగస్వాములు’ అన్నది. సంగీన్ దగ్గరికొచ్చేసరికి అది ‘వాళ్ల సైన్యం’ అయింది. ఈ మాటల మార్పిడి మనకి బాగా ఎరుకే. పిల్లని అత్తారింటికి అప్పగించేసి “ఇక మా బాధ్యత తీరింది” అనుకునే తల్లిదండ్రుల మాట ఎన్ని ఇళ్లలో వినలేదు! ఆ పిల్లకి అక్కడేం జరిగినా అది వాళ్లింటి వ్యవహారం. అప్పగించడంతో బాధ్యత తీరదని, మారుతుందని స్త్రీవాదం ఇంటి విషయంలో ఎంతో కాలంగా వాదిస్తూనే ఉంది. ఆ వాదాన్ని గుమ్మం దాటించడానికి మనకెందుకు మొహమాటమో నాకు అర్థం కాదు.

సరఫరా గొలుసుకి అవతలి కొసన కూడా ఆడవాళ్లున్నారు. 2007లో అఫ్ఘాన్ దళాలకి తూటాలూ గ్రెనేడ్లూ మోర్టారు గుండ్లూ అందించే దాదాపు 30 కోట్ల డాలర్ల కాంట్రాక్టు మయామీలో ఒక చిన్న కంపెనీకి దక్కింది. దాన్ని నడిపిన కుర్రాడికి అప్పటికి 21 ఏళ్లు. అల్బేనియా గోదాముల్లో దశాబ్దాలుగా పడివున్న చైనా తూటాల్ని కొత్త పెట్టెల్లో సర్ది పంపారని తర్వాత బయటపడింది. అదే అల్బేనియాలో, టిరానా దగ్గర గెర్దెత్స్ అనే ఊళ్లో, పాత షెల్స్‌ని విప్పదీసి లోహం వేరుచేసే కేంద్రం ఒకటుండేది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కూడా అక్కడ చేతులతోనే ఆ పని చేసేవాళ్లు. 2008 మార్చి 15న అది పేలి 26 మంది చనిపోయారు, 300 మందికి పైగా గాయపడ్డారు. మయామీ కుర్రాళ్ల మీద 2016లో హాలీవుడ్ ఒక హాస్య చిత్రం తీసింది. అందులో గెర్దెత్స్ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. సంగీన్ పెళ్లికి సరిగ్గా వారం ముందు, 2014 డిసెంబరు 24న, అంతర్జాతీయ ఆయుధ వ్యాపార ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఎగుమతి చేసే ఆయుధాల వల్ల స్త్రీల మీద, పిల్లల మీద తీవ్రమైన హింస జరిగే ప్రమాదం ఉందేమో ముందే అంచనా వేయాలని చెప్పిన మొదటి ఒప్పందం ఇదే. అమెరికా 2013లో సంతకం పెట్టింది, ఆమోదించలేదు, 2019లో తప్పుకుంటున్నానని చెప్పింది. భారతదేశం 2013 ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది. అమెరికాకి సొంత చట్టం కూడా ఉంది: తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘనకి పాల్పడిన విదేశీ దళానికి సాయం చెయ్యకూడదు. అయితే అఫ్ఘాన్ నిధికి ‘మరే చట్టంలో ఏమున్నప్పటికీ’ అనే అర్థమిచ్చే ఒక పదబంధం తగిలించారు. అలాంటి ఆరోపణలున్న 12 దళాలకి ఆ పదబంధం అండతోనే సాయం కొనసాగిందని అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థే 2018లో వెల్లడించింది. ఆ తనిఖీ మొదలైందే అఫ్ఘాన్ దళాల్లో పిల్లల మీద జరిగే లైంగిక హింస గురించి. ఒక్క ‘ఏమున్నప్పటికీ’ ఎంత దూరం పోగలదో చూడండి.

ఇక్కడిదాకా వాదన నాకు అనుకూలంగానే నడిచింది. 2021 ఆగస్టు 15 దగ్గర ఆగిపోతుంది. ఆ రోజు ఆ సైన్యం కుప్పకూలి కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లింది. ఆడపిల్లలకి ఆ ఏడాదే హైస్కూళ్లు, 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలు మూసేశారు. ఆ సైన్యం నిలబడితే బావుండునని కోరుకున్న అఫ్ఘాన్ స్త్రీలతో మనం ఏ మొహంతో నిరాయుధీకరణ గురించి మాట్లాడతాం? 2022లో ఉక్రెయిన్ విషయంలోనూ ఇదే జరిగింది. సైనికీకరణ వద్దంటూ వివిధ దేశాల స్త్రీవాదులు మార్చిలో ప్రకటన ఇస్తే, ఆయుధంతో సహా ప్రతిఘటించే హక్కు మాకుందని ఉక్రెయిన్ స్త్రీవాదులు జులైలో జవాబిచ్చారు. అమెరికా వాళ్లకి ఇచ్చినట్టు ప్రకటించిన జాబితాల్లో 60 మిల్లీమీటర్ల మోర్టారు గుండ్లూ ఉన్నాయి. వాళ్ల జవాబు చదివాక, అసలెవరూ ఎవరికీ ఆయుధం ఇవ్వకూడదన్న మాట నేను అనలేను. దాడికి గురైనవాళ్లకి శాంతి బోధించడం తేలిక, మళ్లీ అదే మాట.

కానీ ఇవ్వడం న్యాయమైనంత మాత్రాన ఇచ్చినవాళ్ల వాటా చెరిగిపోదు. వర్జీనియా వుల్ఫ్ ‘త్రీ గినీస్’లో (1938) యుద్ధాన్ని ఆపే సంఘానికి చందా అడిగితేనే, ఇచ్చే ముందు ఆ డబ్బు ఎక్కడికి పోతుంది, దేన్ని పెంచుతుంది అని పుస్తకం పొడుగునా ప్రశ్నించారు. ఒక్క గినీకే అంత విచారణ అయితే గుండుకి ఎంత ఉండాలి? పైగా గుండు చందా లాగా ఖర్చయిపోదు. అఫ్ఘాన్ ప్రభుత్వం కూలేనాటికి అమెరికా ఇచ్చిన సామగ్రి 712 కోట్ల డాలర్ల విలువైనది ఆ దేశంలోనే ఉండిపోయిందని ఆ దేశ రక్షణ శాఖే లెక్క చెప్పింది. ఎవరి మీద వాడమని ఇచ్చారో వాళ్ల చేతికే అందులో చాలా భాగం పోయింది. ఆయుధం భాగస్వామిని గుర్తుపెట్టుకోదు.

వాటా అంటే నా దృష్టిలో పెద్ద తాత్విక విషయమేం కాదు. గుండ్లు పంపినవాళ్లు అవి పడిన ఊళ్లకి మనుషుల్ని పంపాలి. చచ్చిపోయినవాళ్ల పేర్లు తమ దేశపు కాగితాల్లో, తమ భాషలో రాసుకోవాలి. పరిహారం పుచ్చుకున్నవాడి బాధ్యత అని తప్పుకోకుండా తామూ ఇవ్వాలి. ఆ ఊరి ఆడవాళ్లు చెప్పింది విన్నాకే తర్వాతి పెట్టె పంపాలో వద్దో తేల్చుకోవాలి. ఇంత చేస్తే సరఫరా కష్టమవుతుందంటారు. కష్టం కావాలి మరి.

ఇదంతా అమెరికా సంగతి కదా అని మనం ఊరుకోవడానికీ వీల్లేదు. 2024-25లో మన దేశపు రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలని ప్రభుత్వం గర్వంగా ప్రకటించింది. మనవాళ్లు వాడే మాట ‘మిత్రదేశాలు’. ఆ అంకెలో ఏ మిత్రుడికి ఏం పంపామో ఉండదు. ఒప్పందంలో చేరిన దేశాలు సైతం ఏటా ఆయుధాల ఎగుమతి లెక్క చెప్పాలి గాని మందుగుండు లెక్క చెప్పక్కర్లేదు. మోర్టారు గొట్టం నివేదికలోకి ఎక్కుతుంది, దాన్లో వేసే గుండు ఎక్కదు.