ప్రశ్న ముందా, సీటు ముందా

మా మేనకోడలు ఫిలాసఫీలో ఎం.ఏ. చేస్తానంటోంది, ఆ తర్వాత పీహెచ్‌డీ. "మావయ్యా, ఎక్కడ చేరితే పీహెచ్‌డీ సీటు తేలిగ్గా వస్తుంది?" అని అడిగింది. అడగవలసిన మాటే. అయినా అప్పట్నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

ఎం.ఏ. ఒట్టి మెట్టేనా? అదే అయితే దాటేయొచ్చు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ పరిశోధన ప్రతిపాదనలో ప్రశ్న ముందే రాయాలి. అది పుట్టేదెక్కడ?

మంచి గురువు దొరికితే చాలంటారు. నేనొప్పుకోను. మనం అన్నదానికల్లా తలూపే గురువు మంచి సిఫారసు లేఖ రాసిపెడతాడు, అంతవరకే. ఎం.ఏ.లో నేను శంకరుల మీద రాసిన వ్యాసంలో, జగత్తు మిథ్య అన్న వాక్యం కింద మా మాస్టారు పెన్సిల్‌తో గీత గీశారు. "ఇది నువ్వు నమ్ముతున్నావా?"

"శంకరులు అన్నారు కదండీ."

"ఆయన సంగతి నాకు తెలుసయ్యా. నీ సంగతి చెప్పు."

కాగితం నా వైపు తిప్పి పెన్సిల్ నా చేతికిచ్చారు. ఆ వాక్యాన్ని ఉంచలేకపోయాను, కొట్టేయలేకపోయాను. నాకంటూ ఒక ప్రశ్న ఉందని తెలిసింది అప్పుడే.

రాధాకృష్ణన్‌కీ అలాగే జరిగిందనుకుంటాను. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో వేదాంతం మీద మిషనరీల విమర్శ వింటూ చదివారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మాటకు జవాబుగానే 1908లో ఎం.ఏ. సిద్ధాంతవ్యాసం రాశారు. అందరూ ఔనౌననే చోట చదివి ఉంటే ఆ వ్యాసం పుట్టేదా?

అయితే ఆయన ఆ చోటును వెతుక్కుంటూ వెళ్లలేదు. ఫిలాసఫీ తీసుకోవడం కూడా, బంధువొకరు తన పాఠ్యపుస్తకాలు ఊరికే ఇచ్చినందువల్లే. అంతా అలా కలిసిరావలసిందే అయితే ఈ పిల్లకు నేను చెప్పేదేముంది? పైగా తను రాసుకున్న జాబితాలో, ఎం.ఏ. స్థాయిదే అయిన ఆక్స్‌ఫర్డ్ బీఫిల్ రెండేళ్లు, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎం.ఏ. రెండేళ్లు, ఖర్చులో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ప్రశ్న కోసం అప్పు చేయమని ఏ నోటితో చెప్పను?

చివరికి, తన జాబితాలోని డిపార్ట్‌మెంట్లలో పాఠాలు చెప్పేవాళ్ల వ్యాసాలు చదవమన్నాను. ఎవరిది చదివితే ఒళ్లు మండిందో చెప్పమన్నాను. ఒక పేరు చెప్పి, ఆ వాదన ఎక్కడ తప్పిందో ఊపిరి తిప్పుకోకుండా వివరించింది. ఆ మాటలే కాగితం మీద పెట్టి, ముందు ఆ డిపార్ట్‌మెంటుకే రైటింగ్ శాంపిల్‌గా పంపమన్నాను. దీనివల్ల సీటు చేజారినా జారవచ్చు. అయినా మళ్లీ అడిగితే ఇదే చెబుతాను.