పేరు దాచుకొనిన దాత

నెల్లూరు నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గమున, నాయుడుపేట దాటి సూళ్లూరుపేట చేరకమునుపే దొరవారిసత్రము వచ్చును. ఆ ఊరి పేరు వినినప్పుడెల్ల నా మనస్సొక చోట ఆగిపోవును. సత్రము కట్టించిన దొరవారి సొంత పేరు అందు లేదు. బాటసారికి నీడయైన సత్రము మాత్రము నిలిచియున్నది.

ఆ తలపుతో కూడ నాకు స్ఫురించు పుణ్యమూర్తి పొణకా కనకమ్మగారు. 1892లో మినగల్లున సంపన్నుల యింట జన్మించి, పసితనముననే పొట్లపూడి కోడలై, బడిమెట్లెక్కు భాగ్యము లేకున్నను పట్టుదలతో ఇంటనే తెలుగు, సంస్కృతము, హిందీ అభ్యసించిన ఆ తల్లి, తనకు దక్కని చదువు తన నెల్లూరి ఆడబిడ్డలకు దక్కవలెనని 1923లో విద్యాలయమును స్థాపించి, దానికి తన పేరు గాక కస్తూరిబా పేరు పెట్టినది. అంతకు రెండేండ్ల ముందే, పల్లెపాడున గాంధీమహాత్ముడు ప్రారంభించిన ఆశ్రమమునకు ఆమె భూమి నిచ్చి అండగా నిలిచినది. అదియు పెన్నమ్మ పేరిట పినాకినీ సత్యాగ్రహాశ్రమ మయ్యెను. జమీందారీ గ్రామముల రైతు గోడును లోకమునకు వినిపింప నెల్లూరు వెంకట్రామానాయుడుగారు నెలకొల్పిన వారపత్రికకును ఆమె చేయూత గలదు. దాని పేరు 'జమీన్ రైతు'. ఒకటి కస్తూరిబాది, ఒకటి యేటిది, ఒకటి రైతుది. ఇచ్చిన చేతి పేరు మూడింటను కానరాదు!

ఇంతటి త్యాగము కేవలము ఉదారబుద్ధివలన కలుగునని నేననుకొనను. కారాగారవాసము ననుభవించి, ఏకైక పుత్రికను పోగొట్టుకొని, అరుణాచలమున రమణమహర్షి సన్నిధిని శాంతిని వెదకిన ఆమె, ఆ శాంతి లభించిన పిదప లోకమును విడువక మరల నెల్లూరి బడిపిల్లల నడుమకే వచ్చినది. ఉద్యమపు రోజులలో మూతపడిన విద్యాలయము మరల తెరువబడెను. ధ్యానము వేఱు, ప్రజాసేవ వేఱు అని వాదించువారి యెదుట నేను శాస్త్రవాక్యములు పెట్టను; 1963లో కన్నుమూసిన యీ గృహిణి జీవితమునే పెట్టుదును. నేను చేసితినను తలంపు కరగిపోవుటయే ఋషులు చెప్పిన సాధన యైనచో, బడి కట్టి ఆ బడికి మఱొకరి పేరు పెట్టుట అందు చిన్న మెట్టు కాదు.

దొరవారిసత్రమునకు చేరువనే నేలపట్టు చెరువున్నది. వానలు కురిసిన పిదప గూడబాతులు గుంపులుగా దిగి, నీట నిలిచిన కడపచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను సాకును. వాని రెట్ట కలిసిన ఆ నీరు తూము దాటి మళ్లకు పారగా వరి యేపుగా ఎదుగును. అక్కడి రైతులు ఆ పక్షులను తోలరు. అవి వచ్చు కాలమునకై ఎదురుచూతురు.