ఉంగరం లేని శకుంతల

భార్యకు తెలియకుండా నడిపిన సంబంధం బయటపడబోయేసరికి ఒకడు ప్రియురాలిని చంపేస్తాడు. దొంగల పని అనిపించడానికి అంతకుముందే పక్కింటి ముసలామెను కూడా చంపి, ఆమె నగలు తెచ్చి థేమ్స్ నదిలో పారేస్తాడు. చివరగా విసిరిన ఉంగరం గట్టు మీది కమ్మీకి తగిలి ఇవతలే పడుతుంది. వాడు చూసుకోడు. ఇక దొరికిపోయాడనుకుంటాం. తీరా ఆ ఉంగరం ఇంకెవడి జేబులోనో దొరికి, నేరం వాడి మీదికి పోతుంది. వుడీ ఆలెన్ 2005లో తీసిన ‘మ్యాచ్ పాయింట్’ కథ ఇది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు అరైవల్స్ బయట, దుబాయ్ ఫ్లైటు కోసం కాచుకుని కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు ఈ సినిమా గురించే వాదించుకుంటున్నారు. “ఏం నసీబ్ రా వానిది! ఉంగరం నీళ్లల్ల పడితే లోపలికి పోతుండె” అన్నాడొకడు. రెండోవాడికి మింగుడు పడలేదు. “గట్లెట్ల ఇడిచిపెడ్తరు? యాక్సిడెంటన్న చెయ్యాలె గద!”

చూసినవాళ్లు చాలామంది ఈ రెంటిలో ఏదో ఒకటి అంటారు. నాకైతే ఇద్దరూ లెక్క ఉంగరం దగ్గరే మొదలుపెట్టారనిపించింది. చేయాల్సిన ఘోరం ఉంగరం విసరకముందే అయిపోయింది కదా. ఒక రాత్రి చచ్చినవాళ్లు కళ్లముందు నిలబడితే, నేను పట్టుబడటమే సబబు, లోకంలో న్యాయం కాస్తయినా ఉందని అప్పుడే తెలుస్తుంది అన్నట్టు మాట్లాడేది ఆ హంతకుడే. యాక్సిడెంటు కోరిన కుర్రాడికంటే ముందే వాడు శిక్ష అడిగాడు.

ఉంగరమంటే మనకు శకుంతల గుర్తొస్తుంది. దుర్వాసుడి శాపం, నీళ్లలో జారిన ఉంగరం, దాన్ని మింగిన చేప, ఇవన్నీ కాళిదాసు నాటకంలోవి. నన్నయ ఆదిపర్వంలో వెతకండి, ఉంగరమూ లేదు, శాపమూ లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, నిండు సభలో నువ్వెవరో ఎరగనన్నాడు. అడవిలో జరిగిన పెళ్లి తామిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు, లోకం ఏమంటుందోనని భయం. శకుంతల సాక్షులను వరసబెట్టి చెప్పింది: సూర్యచంద్రులు, గాలి, నిప్పు, నీరు, రాత్రి, పగలు, సంధ్యలు, యముడు, ధర్మం. వాటి మధ్యలోనే మనసు కూడా ఉంది. కాళిదాసు నాటకం ఎంత అందమైనదైనా, రాజును కాపాడటానికి ఆయనకు ఒక చేప కావలసివచ్చింది.

ఆ కుర్రాళ్లు కూర్చున్న విమానాశ్రయానికి దగ్గర్లోనే, నర్కుడ అమ్మపల్లిలో శ్రీరాముడు సీతాలక్ష్మణులతో ఒకే నల్లరాతిలో వెలిశాడు. ఆ గోపురాన్ని, కోనేటిని సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో! అక్కడ ఒక్క షాట్ తీస్తే చాలు, బొమ్మ హిట్టని సినిమావాళ్ల నమ్మకం. ఏకపత్నీవ్రతుడి గుమ్మంలోకి వెళ్లి అడిగేదీ నసీబే.

పట్టాభిషేకం కాస్తా అడవిదారి పట్టినప్పుడు రాముడు కైకను నిందించలేదు, దైవం అన్నాడు. లక్ష్మణుడు ఒప్పుకోలేదు, దైవమనేది చేవలేనివాళ్లు చెప్పే మాటని మండిపడ్డాడు. లక్ష్మణుడి కోపమూ సరైనదే. కాకపోతే రాముడు దైవమన్నది తన నెత్తిన పడిన దాన్ని. నారచీర కట్టాలా వద్దా అన్నది దైవానికి వదల్లేదు, కట్టుకుని బయల్దేరాడు.