రాత్రివేళ వినబడు స్వరములు

వేసవిలో మన గ్రామములలో అనేకులు ఆరుబయట మంచములు వేసికొని పరుందురు. ఊరు సద్దుమణిగిన తరువాత చెవికి పని మొదలగును. కన్ను చూడలేనిదానికి మనస్సు ఒక రూపము కల్పించును. అచ్యుతాపురము చుట్టుపట్ల నేడు కర్మాగారముల దీపములు రాత్రియంతయు వెలుగుచున్నను, కొండకర్ల ఆవ గట్టునను తాటితోపులలోను ఈ స్వరములు మానలేదు. ఎరుగని స్వరమునకు తోచిన పేరు పెట్టుట తగునా? చిన్న ప్రశ్నయే గాని, దీని ఫలము చిన్నది కాదు.

కొన్నిటిని సులువుగా గుర్తింపవచ్చును. గోడమూలను ఎడతెగక కూయునది కీచురాయి. అది నోటితో అరవదు. మగపురుగు తన ముందురెక్కలను ఒకదానితో నొకటి రాచి ఆడుదానిని పిలుచును. వేడి హెచ్చినకొలది ఆ కూత వేగమగును. బీడుభూమిలో, రాతిమీద గోళీకాయ పడి చిన్నచిన్నగా ఎగిరినట్లు వినబడునది కప్పపిట్ట. పగలు అది ఎండుటాకుల నడుమ ఆకువలెనే కదలక యుండును. నీటిమీదుగా "క్వాక్" అని ఒంటిగా అరచుచు పోవునది రాత్రి వేటాడు కొంగ. ఇంటికప్పుమీది అడుగుల చప్పుడు మానుపిల్లిది కావచ్చును.

అన్నిటికంటె ఎక్కువ నింద మోయునది గుడ్లగూబ. వాటిలో తెల్లని ముఖము గల జాతి కర్కశముగా కీచుమని అరచును; దాని పిల్లలు బుసకొట్టినట్లు ధ్వని చేయును. 2017లో విశాఖపట్నమున కట్టుచున్న యొక భవనములో కనబడిన మూడు వింతజీవుల బొమ్మలు సెల్‌ఫోనులలో ఊరూర తిరిగెను. అవి వేరొక లోకమునుండి వచ్చినవని అనేకులు చెప్పుకొనిరి. తీరా చూడగా అవి ఈ గుడ్లగూబ పిల్లలే! దీని రెండు చెవులు ఒకే ఎత్తున నుండవు; అందుచేత కటికచీకటిలో సయితము ఎలుక ఎక్కడ కదలినది వినియే తెలిసికొనగలదు. రైతు గాదెను తినువానిని వేటాడు ఈ పక్షిని మనము రాళ్లతో కొట్టుదుము.

"గూబ కూసిన ఇంట చావు వచ్చెను గదా" అని కొందరందురు. ఆలోచించుడి. రోగి యున్న ఇంట రాత్రియంతయు దీపము వెలుగును. ఆ వెలుగునకు పురుగులు మూగును. పురుగులకొరకు చిన్నగూబ వచ్చును. ఇంటివారు నిద్రలేక కూర్చుండుటచేత దాని కూత విందురు. తక్కిన రాత్రులందు అది కూయలేదా? కూసెను, మనము నిద్రించుచుంటిమి.

ఇంతటితో ఆగిన నష్టము పక్షికే. అయితే భయము పక్షితో తృప్తిపడదు. చప్పుడు ఫలానావారి పెరటినుండి వచ్చెనందురు. ఆ ఇంట ఒంటరి విధవ యున్నదందురు. తెల్లవారునప్పటికి చిల్లంగి అను మాట పుట్టును. అబద్ధసాక్ష్యము న్యాయస్థానములోనే పలుకబడునని తలంచకుడి. చీకటిలో విన్నదానికి విచారింపక పేరు పెట్టి, ఆ పేరును పొరుగువారిమీద మోపుటయు అదియే.

బాలుడైన సమూయేలు రాత్రివేళ తన్ను పిలిచిన స్వరమును ఏలీది అనుకొనెను. అయినను అతడు దుప్పటి ముసుగుపెట్టుకొని కథ అల్లలేదు. లేచి, పోయి, అడిగెను, మూడుమారులు అడిగెను. కన్నులు మందగించిన ఆ వృద్ధుడే ఆ స్వరమెవరిదో గ్రహించెను.

కావున ఈ వేసవిలో మీ పిల్లలు దేనికైన జడిసినయెడల వారిని కసరకుడి, దయ్యము కథ చెప్పకుడి. దీపము పట్టుకొని, చూచి అడుగువేయుచు, వారితోకూడ వెళ్లుడి. ఊరిలో పశువులు కాచినవారిని, చేపలు పట్టువారిని అడుగుడి. వారి చెవి అనుభవముగలది. అప్పటికిని తేలనియెడల "తెలియదు" అని చెప్పుడి. ఆ మాటవలన ఎవరి ఇల్లును కూలదు.