నీటిక్రింది గుఱుతు

ఓడమీద పోవుచున్న యొకడు తన వెండిగిన్నె సముద్రములో జారిపడగా, అచ్చటి నీటిసుడిని గుఱుతుంచుకొని, తిరుగు ప్రయాణములో దానిని వెదకి తీసికొందునని నిశ్చింతగా కూర్చున్నాడని కథాసరిత్సాగరములో నొక కథ కలదు. తోడివారు వానినిజూచి నవ్విరి. నీటిపై గుఱుతు నిలువదనుట మన పూర్వులకు వేఱుగా నిరూపింప నక్కఱలేని మాట. నేడా మూఢుని వెక్కిరింప వీలులేదు. వాని చేతిలో నొక చిన్న యంత్రమున్నచో, పది సంవత్సరములకు వచ్చియైనను గిన్నె పడిన తావునకు నాలుగైదు బారల దాపునకు చేరగలడు.

కృష్ణకు కుడిదరినున్న పల్నాటివారికి ఇది వట్టి వినోదవిషయము కాదు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలబడినది. ఇంతలో నొక లోయ లోయయే మునిగిపోయినది. ఇక్ష్వాకురాజుల విజయపురి యుండిన ఆ లోయను పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, తొమ్మిది కట్టడములను కొండపైకి చేర్చి మరల నిలిపిరి. మఱికొన్నిటిని అనుపునకు చేర్చిరి. రాజుల రాళ్ళకు పట్టిన భాగ్యమది. పుల్లారెడ్డిగూడెము మొదలగు పల్లెలలోని రైతుల గోడలను, నూతుల యొరలను ఎవరును కొండ యెక్కింపలేదు. రైతులు వెడలిపోయిరి. విడిచిపోయిన దానికి క్రొత్త కాపురస్థులు వచ్చిరి.

మునిగిన గోడయు, చెట్టు మోడును, బండల గుట్టయు చేపకు ఇల్లు. రాతికి పాచి పట్టును. పాచికొఱకు పురుగులును చిన్న చేపలును చేరును. వానికొఱకు వాలుగవంటి వేటచేపలు వచ్చును. మేటవేసిన చదును నేలమీద ఈ తిండియు లేదు, దాగుటకు సందును లేదు. కావున సాగరమెంత విశాలమైనను చేపలు అంతటను సమముగా పఱచుకొని యుండవు. చోటు తెలిసినవానికి కూడు, తెలియనివానికి నీళ్ళు.

ఈ చోటులను తెలిసికొను విద్య పాతదే. మన సముద్రతీరపు జాలరులు ఒడ్డుననున్న కొండకొమ్మును, దాని ముందటి తాటిచెట్టును ఒకే గీతలో కనబడునట్లు నిలుచుదురు. వేఱొకదిక్కున గోపురమును మఱియొక మిట్టను అట్లే కలుపుదురు. రెండు గీతలు కలిసినచోటనే వారి బండ. సీసపుగుండు కట్టిన త్రాడు దింపి లోతు చూతురు. ఈ గుఱుతులను తండ్రి కొడుకునకు చెప్పును. అల్లునికి చెప్పుటకు ఆలోచించును. ఒక్కొక్క గుఱుతు వెనుక ఎన్ని వలలు బండలకు తగులుకొని చినిగినవో లెక్కవ్రాసినవారు లేరు.

ఇప్పుడు వచ్చిన యంత్రములు రెండు. మొదటిది జి. పి. ఎస్. సుమారు 12,500 మైళ్ళ యెత్తున తిరుగు ఉపగ్రహములలో కనీసము నాలుగింటి సంకేతములు తమకడకు చేరిన కాలమునుబట్టి, మనమున్న అక్షాంశ రేఖాంశములను ఇది చెప్పును. అక్షాంశములో నొక సెకండనగా నేలమీద సుమారు నూఱడుగులు. యంత్రము దానిలో భాగములను గూడ చూపును. రెండవది సోనార్. పడవ అడుగునుండి ధ్వనిని క్రిందికి పంపి ప్రతిధ్వనికొఱకు వేచియుండును. మంచినీటిలో ధ్వని సెకండునకు సుమారు 4,850 అడుగులు పోవును గనుక, నూఱడుగుల లోతున నేల యున్నచో సెకండులో ఇరువదియైదవ వంతుకే జవాబు వచ్చును. చేప పొట్టలోని గాలితిత్తి ధ్వనిని బాగుగా త్రిప్పికొట్టును. అందుచే చేపలు తెరమీద మచ్చలై కనబడును. మొదటి యంత్రము వీధికి చేర్చును, రెండవది యిల్లు చూపును. సాగరములో నొక చిక్కు మాత్రము కలదు. నిండినప్పుడు నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల యెత్తున నుండును. వేసవికి 510 అడుగుల దాపునకు దిగిన యేండ్లు గలవు. నేడు నూఱడుగుల లోతుననున్న గోడ మఱునాటి వేసవికి ఇరువదియడుగుల నీటిలోనే యుండవచ్చును. కాబట్టి తావుతోపాటు ఆనాటి నీటిమట్టమును గూడ వ్రాసికొననివాడు, చోటునకు చేరియు చోటు తప్పినదని భ్రమపడును.

విశాఖపట్టణము, కాకినాడ రేవుల మరపడవలలో ఈ రెండు యంత్రములును చిరకాలముగా నున్నవి. సాగరపు పుట్టిలో అంత సంబరము లేకపోయినను, పుట్టి త్రోయువాని జేబులోని మొబైల్ ఫోనులో మొదటి యంత్రము ఇమిడియే యున్నది. ఉత్తరపు తీరమునుండి బ్రదుకుతెరువునకై వచ్చి సాగరపు గట్లమీద కాపురముండు జాలరి కుటుంబములు పెక్కు గలవు. గడచిన వేసవిలో మేము అనుపు దరిని అట్టి వృద్ధునితో మాటలాడుచు, మీ గుఱుతులను పదిమందికి చెప్పరాదా యని అడిగితిమి. అతడు నవ్వి, “చోటు చెప్పితే కూడు చెప్పినట్టే గదా బాబూ,” అనెను. అతని మనుమడు మాత్రము ఆ చోటులన్నిటిని ఫోనులో నెక్కించుకొన్నాడట. వాని స్నేహితుడొకడు ఆ ఫోనును ఒకపూట అడిగి తీసికొనెను; మఱుసటి వారము తాత గోడమీద నాలుగు పుట్టులు కనబడెను. వృద్ధునికి కోపము స్నేహితునిపై కాదు, ఫోనుపై.

అతని కోపము న్యాయమేనా? శ్రమపడి కనుగొన్నవానికి దానిపై హక్కు గలదనుట లోకమెఱిగిన వాదము. కాని అతడు కనుగొన్న గోడను కట్టినవాడతడు కాడు. పొలములకు నీరు రావలెనని చెప్పి ఒక గ్రామమును లేపి పంపగా మిగిలిన గోడ యది. నలుగురి మేలుకొఱకు పోయినదానిపై ఒక్కని గుత్తాధికారము చెల్లునా యని మేము మొదట తలంచితిమి. ఇట్లు తలంచుట పల్లెలో నిల్లు, పట్టణమున నుద్యోగము గల మావంటివారికి సులభము. వృద్ధునికి భూమి లేదు, నీటిపై పట్టా లేదు. అతనికున్న కంచె రహస్యమొక్కటే. బలవంతులును రహస్యమును అంత తేలికగా విడువలేదు. జి. పి. ఎస్. ను నిర్మించిన అమెరికా ప్రభుత్వము 2000 మే నెలవరకు సామాన్యుల కందెడు సంకేతమును బుద్ధిపూర్వకముగా చెడగొట్టి, మూడువందల యడుగుల వఱకు తప్పు వచ్చునట్లు చేసెడిది. నిక్కమైన తావును తన సైన్యమునకు దాచుకొనెడిది. రాజ్యము చేసిన పనికి రక్షణమని పేరు పెట్టి, పుట్టివాడు చేసినదానికి స్వార్థమని పేరు పెట్టుట మాకు సమ్మతము కాదు.

అయినను రహస్యము ఇక నిలువదు. అంకెలుగా మారిన గుఱుతు చేయి మాఱుటకు క్షణము చాలును. దీనివలన కలుగు నష్టము వృద్ధునికి మాత్రమే కాదు. ఇంతవఱకు చేపను కాపాడినది మన దయ కాదు, మన తెలియమి. వేయిమంది వెదకగా పదిమందికి దొరకెడిది గనుక తక్కిన గోడలలో చేప పెరిగి గ్రుడ్లు పెట్టెడిది. అందఱికి అన్నిచోటులును తెలిసినప్పుడు చేపకు దాగుచోటు మిగులదు. సన్నకన్నుల అలివివలతో వ్రేలెడు పిల్లలను గూడ ఊడ్చు దుర్మార్గము నిషేధమున్నను సాగరములో సాగుచునే యున్నది. ఆ చేతికి ఈ కన్ను తోడైనచో నేమగునో ఊహింపవచ్చును.

కాబట్టి చెప్పవలెనా దాచవలెనా యన్న ప్రశ్నకంటె, చెప్పినపిమ్మట ఎట్లు పంచుకొనవలెనన్నదే ముఖ్యమని మాకు తోచుచున్నది. తురుష్కదేశములో అలన్యా యను రేవు గలదు. అచ్చటి జాలరులు ప్రతి సెప్టెంబరునను వేటకు హక్కుగలవారి పట్టికను, వలవేయదగు చోటులన్నిటి పేళ్ళను సిద్ధపఱచి, చీట్లు వేసి చోటులు పంచుకొనుటయు, సెప్టెంబరునుండి జనవరివఱకు దినమునకొక చోటు చొప్పున తూర్పునకును, పిదప మే నెలవఱకు పడమరకును జరుగుటయు, ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి 1990లో ప్రకటించిన గ్రంథమున వర్ణించినది. అర్థశాస్త్రమున 2009లో నోబెల్ బహుమానము పొందినది ఈమెయే. అచ్చట చోటు రహస్యము కాదు. అందఱికిని తెలియును గనుకనే వంతు తప్పినవాడు వెంటనే పట్టుపడును. అంత దూరము పోనక్కఱలేదు. మన పులికాట్ సరస్సు దక్షిణపు దరిని ‘పాడు’ అను పేర వంతులవారీగా వేటచోటులు పంచుకొను కట్టుబాటు గలదు. అయితే దానిని పూర్తిగా మెచ్చుకొనలేము. ఆ వంతులో పేరు పుట్టుకనుబట్టి దొరకునది. తమకును వంతు కావలెనని ఇతర కులములవారు అడిగినప్పుడు తగవులు పుట్టినవి. వంతు పెట్టుకొనుట మంచిదే, వంతులో నెవరుండవలెనో పెద్దలే తేల్చుకొనుట మంచిది కాదు. సాగరములో నాలుగు గోడలను వంతులకు విడిచి, అయిదవదానిని చేప గ్రుడ్లకై ఎవరును ముట్టకుండ నుంచుటకు యంత్రమే తోడ్పడును: ఏ గోడయో, ఎల్ల యెక్కడో తగవులేకుండ చూపగలదు.

అనుపునుండి తిరిగివచ్చుచు మాచెర్లలో నొక పెద్దమనిషియింట ఆగితిమి. ఆయన పుట్టిన పల్లె సాగరములో నున్నది. వృద్ధుని సంగతి విని, ఆ యంత్రము మా యింటి నుయ్యి ఎచ్చటనున్నదో చెప్పగలదాయని అడిగెను. పాత సర్వేపటములో పల్లె చోటు దొరకినచో చెప్పవచ్చునంటిమి. జాలరికి తావు తెలియును, దాని పేరు తెలియదు. ఈయనకు పేరు తెలియును, తావు తెలియదు. ఆయన చాలసేపూరకుండి, “అక్కడ చేపలు బాగా పడుచున్నవా?” అని అడిగెను. పడుచున్నవని చెప్పితిమి. అంతట లోపలికిపోయి, ఒక కాగితముపై పల్లె పేరును, నుయ్యి ఏ వీధికి ఏ దిక్కున నుండెడిదో ఆ వివరమును వ్రాసి తెచ్చియిచ్చెను. మరల అనుపునకు పోయినప్పుడు దానిని వృద్ధునికి చదివి వినిపింపవలెనని దాచియుంచితిమి.