డుండుభం అడిగిన న్యాయం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పల్లెల్లో నాగపంచమినాడు పుట్టకు పాలు పోసి మొక్కుకున్న కుటుంబమే, మరునాడు పొలం గట్టున కనిపించిన పామును నాగుపామో జెర్రిపోతో చూడకుండానే కొట్టి చంపడం కద్దు. దీనిని కపటమనడం అన్యాయం. భక్తీ నిజమే, భయమూ నిజమే, ఆ రెండింటి నడుమ లోపించినది వివేకం, అంటే ఒక జీవిని మరొకదాని నుండి వేరుగా గుర్తించే శక్తి.

మహాభారతం ఆదిపర్వంలో, పాముకాటుకు చనిపోయిన ప్రమద్వరను తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్న రురుడు, ఆ కోపంతో కనబడిన పామునల్లా చంపుతూ ఒకనాడు విషం లేని డుండుభంపై కర్ర ఎత్తగా, అది మానవభాషలో మాట్లాడి, వేరే పాములు చేసిన నేరానికి తమ జాతిని శిక్షించడం ధర్మం కాదంటుంది. కథ చెప్పేవారు ఆపైన వచ్చే అహింసాబోధ దగ్గరే ఆగుతారు గాని, అంతకుముందు ఆ పాము అడిగింది తనను తానుగా గుర్తించమనే.

ఆ గుర్తింపును క్రమంగా నేర్పేది సరీసృపాలను, అంటే పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లను, వాటితోపాటు నేలమీదా నీటిలోనూ బతికే కప్పల వంటి ఉభయచరాలను పరిశీలించే శాస్త్రం. మన దేశంలో ఇది సాధారణంగా జంతుశాస్త్రంలో భాగమే కనుక, ఇంటర్‌లో బైపీసీ చదివిన కామారెడ్డి విద్యార్థి బీఎస్సీ, ఎమ్మెస్సీ జువాలజీ గుండా పరిశోధనకో బోధనకో వెళ్లవచ్చు, ములుగు అటవీ కళాశాలలో ఫారెస్ట్రీ గాని, రాజేంద్రనగర్‌లో పశువైద్యం గాని చదివి అటవీశాఖలోనో జంతుప్రదర్శనశాలలోనో చేరవచ్చు, లేదా డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ప్రత్యేక విద్య పొందవచ్చు. 1796లో పాట్రిక్ రస్సెల్ కోరమండల్ తీరపు పాములపై వెలువరించిన గ్రంథంలో తెలుగు పేర్లు చేరాయంటే, ఇక్కడి జనం ఎరుక ఆ శాస్త్రానికి ముందే ఉన్నదన్నమాట.

అయితే తెలుసుకోవడం కోసం హింసించవచ్చునా అనే ప్రశ్న ఈ చదువులో తప్పదు. తరతరాల విద్యార్థులు కప్పను కోసి నేర్చుకున్నారు. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ తరగతుల్లో ఆ పద్ధతిని మాన్పించే నిర్దేశమిచ్చింది. వానల కోసం కప్పను రోకలికి కట్టి ఊరేగించే కప్పతల్లి ఆటలోనూ ఇదే చిక్కు ఉంది: కప్ప తడిచర్మంతో కూడా శ్వాసిస్తుందని ఎరిగినవారికి, ఎండలో కట్టివేయడం దానికెంత బాధో వేరే చెప్పనక్కరలేదు.

రురుడి దుఃఖాన్ని మాత్రం తేలికగా తీసుకోరాదు. 2000 నుండి 2019 వరకు దేశంలో ఏటా సగటున సుమారు 58,000 మంది పాముకాటుకు బలయ్యారని అంచనా, వారిలో అధికులు పల్లెవాసులు. అందువల్ల ఈ విద్య చదివి సొంత ఊరికి వచ్చినవారు జెర్రిపోతును విడిపించడంకన్నా ముందు, కాటు పడిన మనిషిని మంత్రం వేయించకుండా, గాయం కోయనీయకుండా, ప్రతివిషం ఉన్న ఆసుపత్రికి చేర్పించవలసి ఉంటుంది.